రోమన్, గ్రీకు సమాధుల పాత ఎన్‌గ్రేవింగ్‌లు: బార్తోలీ కొనాలా, పిరనేజీ కొనాలా, హామిల్టన్ కుండలు కొనాలా?

పురాతన రోమ్, గ్రీసు సమాధుల శిల్పాలను చూపించే పాత ఎన్‌గ్రేవింగ్ (రాగి రేకు మీద గీసి, దాంతో కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ) ఒకటి కొందామనుకునేవాళ్లు మొదట ధర అడుగుతారు, తర్వాత సైజు అడుగుతారు. నన్నడిగితే ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కాగితం మీకు సాక్ష్యంగా కావాలా, బొమ్మగా కావాలా? ఇవాళ లేని సమాధి ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పే కాగితం వేరు. హాల్లోకి అడుగు పెట్టగానే చూపు అక్కడే ఆగిపోయే కాగితం వేరు. రెండు గుణాలూ ఒకే కాగితంలో దొరకడం అరుదు.

నా ఓటు సాక్ష్యానికే. అందుకే ఈ సమాధులను గీసిన పాత ఇటలీ చిత్రకారుల్లో, మొదటిసారి కొనేవాళ్లకు పిరనేజీ కన్నా ముందు బార్తోలీ పేరు చెబుతాను. కారణం వివరంగా రాస్తాను, ఆపైన మీ ఇష్టం.

బార్తోలీ: గోడ చెరిగిపోయింది, గీత మిగిలింది

1674లో రోమ్‌కు ఉత్తరాన ఫ్లమీనియా రోడ్డును బాగు చేస్తున్నారు. మరుసటి ఏడాది జూబిలీ ఉత్సవం, యాత్రికులు వేలల్లో వస్తారు. ఆ పనుల్లో కొండను తొలిచి కట్టిన ఒక సమాధి బయటపడింది. లోపల గోడల నిండా, పైకప్పు నిండా రంగుల బొమ్మలు. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం నాటివి. అక్కడి శాసనంలో నాసోనియస్ అన్న ఇంటిపేరు కనబడేసరికి, కవి ఓవిడ్ పూర్తి పేరులో కూడా నాసో ఉంది కాబట్టి ఇది ఆయన వంశస్థుల సమాధే అని సంబరపడ్డారు. ఆ లెక్క తప్పని తర్వాత తేలింది. కానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది: నాసోనీల సమాధి.

పియెత్రో సాంతి బార్తోలీ (1635–1700) ఆ బొమ్మలన్నీ గీసుకుని రాగి రేకుల మీదికి ఎక్కించాడు. పండితుడు బెల్లోరి వివరణలు రాశాడు. 1680లో పుస్తకం అచ్చయింది. ఆ తర్వాత గోడల మీది రంగులు గాలికీ తేమకూ వెలిసిపోయాయి. కొన్ని ముక్కలను కోసి తీశారు, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగతా సమాధి ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే దాదాపుగా బార్తోలీ గీతలే దిక్కు. స్ఫింక్స్ అనే వింత జంతువు ముందు గ్రీకు పురాణాల ఈడిపస్ నిలబడ్డ ప్లేటు (పుస్తకంలోని బొమ్మ పేజీ) ఎప్పుడు చూసినా నాకు అమరావతి గుర్తొస్తుంది. కాలిన్ మెకెంజీ మనుషులు 1816 ప్రాంతంలో స్తూపం పలకలను కాగితం మీద గీయకపోయి ఉంటే, తర్వాత పోయిన పలకల రూపం మనకు తెలిసేదే కాదు. అక్కడా ఇక్కడా పనికొచ్చింది ఒక మనిషి ఓపిగ్గా కూర్చుని గీసిన గీతే.

బార్తోలీ పుస్తకాల్లో సమాధులకు సంబంధించి చూడాల్సినవి మూడు. నాసోనీల సమాధి ఒకటి. 1691లో వచ్చిన సమాధి దీపాల పుస్తకం రెండోది. 1697లో వచ్చిన ‘గ్లి అంతీకి సెపోల్క్రి’ (పురాతన సమాధులు) మూడోది. ఈ మూడోదాంట్లో రోమ్ చుట్టుపక్కల సమాధుల నక్షాలు, నిలువు కోతలు, అస్థికల పాత్రలు, రాతి శవపేటికలు ఉంటాయి. ఇప్పుడు పోర్ట్‌లాండ్ వేజ్ అని పిలిచే నీలి గాజు పాత్రను కూడా ఇందులో చూపించాడు. అప్పట్లో దాన్ని అలెగ్జాండర్ సెవెరస్ చక్రవర్తి చితాభస్మం పాత్ర అనుకునేవారు.

ఒక మెలిక ఉంది, దాచను. బార్తోలీ చిత్రకారుడు పూసాన్ దగ్గర శిక్షణ పొందినవాడు. ఆయన చెయ్యి విరిగిన ముక్కును విరిగినట్టు వదలదు. చెరిగిపోయిన చోట తనే పూరించేస్తాడు. మనుషులందరూ కండపుష్టితో, మడతలు దిద్దిన బట్టలతో, పదిహేడో శతాబ్దపు అందంతో కనిపిస్తారు. కాబట్టి ఇది సాక్ష్యమే గానీ, సాక్షికి కొంచెం అందంగా చెప్పే అలవాటు ఉంది. బ్రిటిష్ మ్యూజియం ముక్కల ఫొటోలను పక్కన పెట్టుకుని చూస్తే ఆ తేడా తెలుస్తుంది. నాకైతే ఆ తేడా వెతకడమే సగం ఆనందం.

ఇంకో మంచి సంగతి, బార్తోలీ ప్లేట్లు ఎక్కువగా మామూలు పుస్తకం సైజువే. ఫ్రేము ఖర్చు తక్కువ, అపార్ట్‌మెంట్ గోడకు సరిపోతాయి. ‘గ్లి అంతీకి సెపోల్క్రి’ 1727లోనూ 1768లోనూ మళ్లీ అచ్చయింది. తర్వాతి అచ్చుల్లో గీత కాస్త పలచబడుతుంది, ధర కూడా తగ్గుతుంది. సాక్ష్యం కోసం కొనేవాళ్లకు 1768 అచ్చు అయినా నష్టం లేదు.

పిరనేజీ: అదే పేరు, మూడు రకాల కాగితాలు

జొవాన్ని బాత్తిస్తా పిరనేజీ (1720–1778) గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, సమాధిని ఆయన గీసినట్టు ఇంకెవ్వరూ గీయలేదు. 1756లో నాలుగు సంపుటాలుగా వచ్చిన ‘లె అంతికితా రొమానె’లో రెండు, మూడు సంపుటాలు దాదాపు పూర్తిగా సమాధుల మీదే. అందులో అప్పియా రోడ్డు పక్కనున్న సిసీలియా మెటెల్లా సమాధి తాలూకు ఒక ప్లేటు ఉంది. దాంట్లో అసలు భవనమే లేదు. అంత పెద్ద ట్రావర్టీన్ రాళ్లను పైకి ఎలా లేపారో చూపించడానికి తాళ్లు, కప్పీలు, రాతి గుంటలో బిగించి పైకి లాగే ఇనప కొక్కేలు విడివిడిగా, ఒక్కోటి గోడంత సైజులో గీశాడు. పక్కన అక్షరాలు, కింద వివరణ. ఇంజనీర్ల ఇంట్లో పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు తెలియదు.

మరి సాక్ష్యంగా ఎంత నమ్మొచ్చు? కొలతల విషయంలో ఆయన శ్రద్ధ గొప్పది. కానీ రాతి పరిమాణం చూపించాలంటే పక్కనున్న మనుషుల్ని చీమల్లా గీస్తాడు, అప్పుడు సమాధి కొండలా లేస్తుంది. రోమ్‌లో సమాధిగా కట్టిన సెస్టియస్ పిరమిడ్ ఎత్తు నిజానికి 36 మీటర్ల చిల్లర. పిరనేజీ ప్లేటు చూసి రోమ్ వెళ్లినవాళ్లకు అది చిన్నదిగా అనిపిస్తుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఆయన రాగి రేకులు పోలేదు. కొడుకులు 1799లో పారిస్ తీసుకెళ్లి అక్కడ మళ్లీ అచ్చేశారు. తర్వాత ఫిర్మాన్ దీదో సంస్థ అచ్చేసింది. 1839లో పోప్ ప్రభుత్వం కొని రోమ్‌కు తెప్పించింది. రేకులు ఈ రోజుకీ అక్కడి ప్రభుత్వ సంస్థలోనే ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో కూడా వాటిమీద అచ్చు తీశారు. అంటే ‘అసలైన రాగి రేకు మీద తీసిన పిరనేజీ’ అని అమ్మేవాడు చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ కాగితం 1756 నాటిది కావచ్చు, 1836 నాటిది కావచ్చు, మీ తాతగారి పెళ్లి నాటిది కూడా కావచ్చు. మూడింటికీ ధరలో పోలికే లేదు.

ఆయన బతికుండగా తీసిన ప్రింటులో నలుపు లోతుగా ఉంటుంది, ఆ నీడలోపల కూడా గీతలు విడివిడిగా కనిపిస్తాయి. రేకు అరిగాక తీసిన దాంట్లో సన్నగీతలు బూడిద రంగుకు తిరుగుతాయి. పంతొమ్మిదో శతాబ్దంలో అరగకుండా రేకు మీద ఉక్కు పూత వేశారు. ఆ ప్రింట్లలో నలుపు గట్టిగానే ఉంటుంది గానీ ప్రాణం ఉండదు, నీడంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది. రోమ్‌లో తర్వాతి కాలంలో తీసిన చాలా ప్రింట్ల అంచున ‘కాల్కోగ్రఫియా’ అని సిరా లేకుండా ఒత్తిన ముద్ర ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. సంతకంలో ‘కావ్.’ (నైట్ అనే అర్థమున్న కావలియెరె మాటకు పొట్టి రూపం) అని ఉంటే అది ఆయనకు 1760ల చివర్లో నైట్ బిరుదు వచ్చాక చేసిన సంతకం. సంతకం రేకు మీదే ఉంటుంది కాబట్టి అది ప్రింటు వయసు చెప్పదు, రేకు వయసే చెబుతుంది. ఈ రెండింటినీ కలిపేసుకుని మోసపోయినవాళ్లు చాలామంది.

బడ్జెట్ బాగా ఉండి, తొలి అచ్చు అని కాగితం చూసి నిర్ధారించగలిగే మనిషి పక్కన ఉంటే పిరనేజీ కొనండి, మనసారా చెబుతున్నాను. లేకపోతే అరిగిన పిరనేజీకి పెట్టే డబ్బుతో మంచి బార్తోలీలు రెండు మూడు చూసుకోండి.

హామిల్టన్ కుండలు: సమాధిలో పెట్టినవి, సమాధి అని తెలియనివి

‘గ్రీకు కావాలి, రోమన్ వద్దు’ అనేవాళ్లకు నా సమాధానం ఇక్కడుంది. నేపుల్స్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న విలియం హామిల్టన్ పోగేసిన రంగుల కుండలు ఎక్కువగా దక్షిణ ఇటలీ సమాధుల్లో దొరికినవే. అప్పట్లో వాటిని ఎట్రుస్కన్ (రోమన్లకు ముందు ఇటలీలో ఉన్న జాతి) పని అనేవారు, నిజానికి అవి గ్రీకు పనితనం. మొదటి సేకరణను దాంకార్విల్ అనే ఆయన నాలుగు పెద్ద సంపుటాలుగా తెచ్చాడు. పేజీ మీద 1766, 1767 అని ఉన్నా చివరి సంపుటాలు బయటికొచ్చేసరికి 1776 అయింది. నల్లటి నేల మీద ఇటుక ఎరుపు బొమ్మలు, చుట్టూ అంచు అల్లికలు. ఎన్‌గ్రేవింగ్‌లలో రంగు కోసం వెతికేవాళ్లకు ఇంతకన్నా గొప్పవి లేవు. ఇంగ్లండ్ పింగాణీ తయారీదారు వెడ్జ్‌వుడ్ 1769లో తన కొత్త కార్ఖానాలో మొదటి రోజు చేసిన పాత్రల మీద వేయించినవి ఈ పుస్తకంలోని బొమ్మలే. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. అవే బొమ్మలు 1785 నుంచి పారిస్‌లో దావీద్ అనే ఎన్‌గ్రేవర్ చిన్న సైజులో వేశాడు. నా ఉద్దేశంలో మామూలు మనిషి కొనగలిగేవి ఈ దావీద్ ప్లేట్లే.

హామిల్టన్ రెండో సేకరణ కథ వేరు. దాన్ని టిష్‌బైన్ అనే జర్మన్ చిత్రకారుడు 1791 నుంచి ఉత్త గీతల్లో, రంగు లేకుండా వేయించాడు. కళాకారులు, కుమ్మరులు తక్కువ ధరకు కొనుక్కుని పనికి వాడుకోవాలన్నది అక్కడి ఆలోచన. మొదటి సంపుటం ముందు బొమ్మలో నేపుల్స్ దగ్గరి నోలా ఊళ్లో తెరిచిన సమాధి ఉంటుంది. లోపల అస్థిపంజరం, చుట్టూ కుండలు, పైనుంచి చూస్తున్న హామిల్టన్ దంపతులు. 1798లో ఆ సేకరణలో కొంత భాగంతో బయల్దేరిన కొలోసస్ ఓడ సిల్లీ దీవుల దగ్గర మునిగిపోయింది. ముక్కలు కొన్ని 1970లలో సముద్రం నుంచి తీశారు. ఆ పెంకుల మీది సగం బొమ్మలను పోల్చుకోవడానికి పండితులు చూసుకున్నవి టిష్‌బైన్ గీతలే. రంగు లేదని టిష్‌బైన్‌ను పక్కన పెట్టేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. నా దృష్టిలో ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ ఎక్కువ విలువిచ్చేవి ఇవి.

అసలు గ్రీసు నేల మీది సమాధి ఫలకాలు, అంటే కూర్చున్న ఆడమనిషి, ఎదురుగా నగల పెట్టె పట్టుకున్న దాసి, వీడ్కోలు చెబుతూ కలిపిన చేతులు, వీటి పాత ఎన్‌గ్రేవింగ్‌లు అంత తేలిగ్గా దొరకవు. ఏథెన్స్‌లో కెరమైకోస్ శ్మశానం రోడ్డు పనుల్లో బయటపడింది 1863లో, ప్రసిద్ధమైన హెగెసో ఫలకం దొరికింది 1870లో. అప్పటికి ఫొటో వచ్చేసింది. కాబట్టి ఎవరైనా హెగెసో ఫలకం చూపించి ‘1780 నాటి ఎన్‌గ్రేవింగ్’ అంటే నమ్మొద్దు. గ్రీకు ప్రపంచపు కట్టడాలే కావాలంటే ఇప్పటి టర్కీలోని లిసియా కొండ సమాధులున్నాయి. షువాజుల్ గూఫియే అనే ఫ్రెంచ్ యాత్రికుడు 1782లో తెచ్చిన యాత్రా గ్రంథంలో, అక్కడి తెల్మెస్సస్ ఊరి సమాధుల ప్లేట్లు చాలా బాగుంటాయి.

మోంఫోకాన్, మిగతావాళ్లు

బెర్నార్ ద మోంఫోకాన్ అనే సన్యాసి 1719లో పది సంపుటాల్లో పురాతన ప్రపంచాన్నంతా కుదించాడు, అయిదో భాగం అంత్యక్రియలు, దీపాల గురించి. ఒక్కో ప్లేటులో అరడజను పాత్రలు, శవపేటికలు ఇరికించి ఉంటాయి. వెయ్యికి పైగా ప్లేట్లు కాబట్టి సులభంగా, చవగ్గా దొరుకుతాయి. కానీ చాలావరకు ఇతరుల పుస్తకాల నుంచి ఎత్తి గీసినవి, బార్తోలీ నుంచి కూడా. నకలుకు నకలు. చదువుకునే పిల్లలకు కానుకగా ఇవ్వడానికి చాలా బాగుంటుంది, అంతకుమించి ఆశించొద్దు.

పాంపేయి సమాధుల వీధి కావాలంటే మాజ్వా పుస్తకం (1812 నుంచి) చూడండి. అస్థికల పాత్రల గూళ్లున్న భూగర్భ గదులు, అంటే కొలంబేరియంలు ఇష్టమైతే 1726లో దొరికిన లివియా మహారాణి దాసదాసీల సమాధి గురించి బియాంకీని, గోరి అనే ఇద్దరు పండితులు చెరొకరూ 1727లో తెచ్చిన పుస్తకాలున్నాయి. కొలంబేరియం అంటే పావురాల గూడు. గోడ నిండా గూళ్లు, ప్రతి గూటి కింద ఒక పేరు, ఆ మనిషి చేసిన పని. జడలు వేసే ఆవిడ, బట్టలు చూసుకునే మనిషి. మహారాణి ఇంట్లో పనిచేసి పోయినవాళ్ల పేర్లు అవి. ఆ ప్లేటు ఎప్పుడైనా మీ కంటపడితే నాకూ ఒక ముక్క చెప్పండి.

చేతిలో పెట్టుకుని చూడాల్సినవి

నేను మొదట తెప్పించుకున్న ‘పిరనేజీ’ ఆన్‌లైన్లో కొన్నది. ఫొటోలో అద్భుతంగా ఉంది. ప్యాకెట్ విప్పి పది రెట్ల భూతద్దం కింద పెడితే సమాధి నీడంతా చుక్కలు చుక్కలుగా కనబడింది, పేపర్లో సినిమా ప్రకటనలా. అది ఫొటో తీసి అచ్చేసిన కాగితం. డబ్బు వెనక్కి రాలేదు. అందుకే చెబుతున్నాను, భూతద్దం కొన్నాకే ప్రింటు కొనండి.

రాగి రేకు మీద నిజంగా తీసిన ప్రింటులో గీత కాగితం మీద కొంచెం ఉబ్బి ఉంటుంది, ఏటవాలు వెలుతురులో తెలుస్తుంది. బొమ్మ చుట్టూ రేకు నొక్కుకున్న గుంట చదరంగా కనబడాలి. గుంటను తర్వాత దొంగతనంగా నొక్కడం కూడా ఉంది కాబట్టి అదొక్కటే చాలదు. గీత చివర చూడండి. యాసిడ్‌తో తినిపించిన ఎచింగ్ గీత మొద్దుగా ఆగుతుంది, ఉలితో చెక్కిన గీత సూదిమొనలా సన్నబడుతుంది. బార్తోలీ, పిరనేజీ ఇద్దరివీ ప్రధానంగా ఎచింగ్‌లే, అమ్మేవాళ్లు అన్నింటినీ కలిపి ఎన్‌గ్రేవింగ్ అంటారు, అందులో మోసమేమీ లేదు. కాగితాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుంటే దగ్గర దగ్గరగా సన్న చారలు, వాటికి అడ్డంగా రెండున్నర మూడు సెంటీమీటర్లకొక చార కనిపించాలి. పాత చేతి కాగితం అలాగే ఉంటుంది. చారల్లేని నున్నటి కాగితం 1750ల ముందు లేదు. అది బార్తోలీ జీవితకాలపు ప్రింటు అని చెబితే వదిలేయండి.

పెద్ద ప్లేట్లకు మధ్యలో మడత ఉండటం సహజం, అవి పుస్తకంలో మడిచి కుట్టినవి. తుప్పురంగు మచ్చలు కొన్ని ఉంటే భరించొచ్చు. అంచులు పూర్తిగా కత్తిరించి ఉంటే మాత్రం ధర గట్టిగా తగ్గించమని అడగండి. సెల్లోటేప్ ఉంటే వద్దనేయండి. కొనేముందు మీరు చూస్తున్న ప్లేటును స్కాన్లతో పోల్చుకోండి. టోక్యో యూనివర్సిటీ తన దగ్గరున్న ఫిర్మాన్ దీదో పిరనేజీ సంపుటాలను ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టింది, హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ సైటులో మోంఫోకాన్ ఉంది.

ఇక మన వాతావరణం. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వర్షాకాలంలో కాగితం చెమ్మ పీల్చి బూజు పడుతుంది. ఫ్రేము షాపులో యాసిడ్ లేని మౌంటు బోర్డు అడగండి, గాజుకూ కాగితానికీ మధ్య ఖాళీ ఉండాలని చెప్పండి. లామినేషన్ అన్న మాట వినబడగానే కాగితం వెనక్కి తీసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులను మన దేశం నుంచి బయటికి తీసుకెళ్లడం మీద నిషేధం ఉంది. అమెరికాలో కొని హైదరాబాద్ తెచ్చి, మళ్లీ తీసుకెళ్దామనుకుంటే ముందే పురావస్తు శాఖ వాళ్లను అడిగి, కొన్న బిల్లు, తెచ్చినప్పటి కస్టమ్స్ కాగితాలు భద్రం చేసుకోండి.

ఇంట్లో పెట్టుకోవచ్చా

ఈ ప్రశ్న అందరిళ్లలోనూ వస్తుంది. మా అమ్మ కూడా ‘సమాధుల బొమ్మలు హాల్లో ఎందుకురా నాయనా’ అనింది. ఆ మాటను తీసిపారేయడం నాకిష్టం లేదు, ఇల్లు ఆవిడది కూడా. రోమన్ శవపేటికల మీద ఏడుపులు తక్కువే. విందులు, కళాదేవతలు, నిద్రపోతున్న ఎండిమియన్ (గ్రీకు కథల్లోని అందగాడు) దగ్గరికి దిగివచ్చే చంద్రదేవత, ఇవే ఎక్కువ. అయినా పెద్దవాళ్ల మనసు కష్టపెట్టి గోడకు మేకు కొట్టక్కర్లేదు. పుర్రెలు, అస్థిపంజరాలు ఉన్న ప్లేట్లు, శిథిలాల చీకటి బొమ్మలు చదువుకునే గదిలో ఉండనివ్వండి. హాల్లోకి హామిల్టన్ కుండలు పెట్టుకోవచ్చు, అవి సమాధివని చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

నేను మాత్రం బార్తోలీ దీపాల పుస్తకంలోంచి ఒక ప్లేటు తెప్పించాను. సమాధి చీకట్లో పోయినవాళ్ల పక్కన పెట్టిన మట్టి దీపం అది. గుండ్రటి కడుపు, ముందుకు పొడుచుకొచ్చిన వత్తి నోరు, నోటి చుట్టూ నల్లటి మసి కూడా గీసినట్టే అనిపిస్తుంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ‘ఇది మన ప్రమిదే కదరా’ అంది. ఎండ పడని తూర్పు గోడ మీద, దేవుడి గది గుమ్మానికి ఎదురుగా పెట్టాం.